ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మొదటి గోల్ కొట్టినవాడి పేరు ఎవరికీ గుర్తు లేదేం?

క్విజ్‌పిచ్చి_రవి
నిన్న సాయంత్రం మా ఆఫీసు క్విజ్‌లో ఒక ప్రశ్న వేశాను. ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానంలో మొట్టమొదటి గోల్ కొట్టింది ఎవరు? కూర్చున్న పద్నాలుగు మందిలో పదిమంది మాంచెస్టర్ యునైటెడ్ అంటే ప్రాణం ఇస్తామనే బాపతే. ఒక్కరూ చెప్పలేదు. ఒకాయన బాబీ చార్ల్‌టన్ అన్నాడు. నాయనా, మైదానం తెరిచింది 1910లో, చార్ల్‌టన్ పుట్టింది 1937లో!

జవాబు శాండీ టర్న్‌బుల్. స్కాట్లాండ్ వాడు. 1910 ఫిబ్రవరి 19న లివర్‌పూల్ మీద తలతో కొట్టాడు. నా బాధ ఏంటంటే, జవాబు చెప్పాక ఒకమ్మాయి "ఎవరండీ ఆయన?" అని అడిగింది. "ఫిక్సింగ్ కేసులో నిషేధం పడింది, మొదటి ప్రపంచ యుద్ధంలో చచ్చిపోయాడు" అని రెండు ముక్కలు తప్ప నా దగ్గర ఇంకేం లేవు. సిగ్గేసింది. ఇక్కడ పాత ఫుట్‌బాల్ పురాణం తెలిసినవాళ్లు ఉన్నారు కదా, కాస్త చెప్పండి. అంత ఆడినవాణ్ని జనం ఎందుకు మర్చిపోయారు?

హాఫ్‌టైమ్_సమోసా
ఫిక్సింగ్‌లో దొరికినవాడికి విగ్రహం పెట్టి పాలాభిషేకం చేస్తారా మరి.

నీలం_గ్యాలరీ
ముందు ఒక మాట. ఆయన మీ యునైటెడ్ సొత్తు కాదు. పెంచి పెద్ద చేసింది మా మాంచెస్టర్ సిటీ. మీరు ఎత్తుకుపోయారు.

క్విజ్‌పిచ్చి_రవి
అదీ నాకు తెలీదు. ఎత్తుకుపోవడం ఏంటి?

స్కోరుబుక్కు_మాస్టారు
మొదటినుంచి చెప్తాను, మధ్యలో ఎవరూ కొట్టుకోకండి.

టర్న్‌బుల్ 1884లో హర్ల్‌ఫర్డ్‌లో పుట్టాడు. స్కాట్లాండ్ పడమటి వైపు, ఎయిర్‌షైర్‌లో బొగ్గు గనుల ఊరు. ఆ ప్రాంతంలో మగపిల్లాడికి అప్పట్లో రెండే దారులు, గనిలోకి దిగడం లేదా బంతి తన్నడం. ఇతను రెండూ చేశాడు. ఊళ్లో హర్ల్‌ఫర్డ్ థిసిల్‌కి ఆడుతుంటే 1902లో మాంచెస్టర్ సిటీ తీసుకుంది. పద్దెనిమిదేళ్ల కుర్రాడు. ఆడే చోటు ఇన్‌సైడ్ లెఫ్ట్, అంటే ఇప్పటి లెక్కలో సెంటర్ ఫార్వర్డ్‌కి కాస్త వెనక, ఎడమ పక్క. పొట్టిగా, గట్టిగా ఉండేవాడు. అంత పొట్టివాడు తలతో అన్ని గోల్స్ ఎలా కొట్టేవాడో అదే వింత.

అప్పుడు సిటీ మేనేజర్ టామ్ మాలీ. గ్లాస్గో క్లబ్బు సెల్టిక్‌ని ఏళ్ల తరబడి నడిపిన విల్లీ మాలీకి తోబుట్టువు. స్కాట్లాండ్ పద్ధతిలో చిన్న పాస్‌లతో ఆడించేవాడు. 1903లో సిటీ రెండో డివిజన్ గెలిచి పైకి వచ్చింది. 1904లో బోల్టన్ మీద 1-0తో ఎఫ్‌ఏ కప్పు, అంటే ఇంగ్లాండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కప్పు. మాంచెస్టర్ ఊరికి అదే మొదటి పెద్ద కప్పు. ఆ ఫైనల్లో గోల్ బిల్లీ మెరెడిత్‌ది, కానీ లోపల ఆడినవాడు మన టర్న్‌బుల్ కూడా.

నీలం_గ్యాలరీ
"మాంచెస్టర్ ఊరికి మొదటి పెద్ద కప్పు." దీన్ని రోజుకి మూడుసార్లు చదవమని యునైటెడ్ వాళ్లకి నా మనవి.

బొగ్గుబాయి_భద్రం
మాస్టారు చెప్పిన హర్ల్‌ఫర్డ్ సంగతి దగ్గర ఆగిపోయాను. మాది కొత్తగూడెం. మా నాన్న బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు చేశాడు. ఫస్ట్ షిఫ్ట్ దిగి, మధ్యాహ్నం పైకొచ్చి, స్నానం చేసి సాయంత్రం గ్రౌండ్‌కి వచ్చేవాళ్లు ఆయన జట్టువాళ్లు. నడుము వంచి పనిచేసి వచ్చినవాళ్లు బంతి కోసం అలా ఎగురుతుంటే చిన్నప్పుడు నాకు అర్థం అయ్యేది కాదు. ఒకసారి అడిగితే "లోపల పైకప్పు నెత్తికి తగులుతది, బయట తగలదు గదా, అందుకే ఎగురుతం" అన్నాడు. టర్న్‌బుల్ హెడర్ల రహస్యం కూడా అదేనేమో.

సాల్‌ఫర్డ్_చలపతి
భద్రం అన్నా, ఈ థ్రెడ్‌లో ఇంతకంటే మంచి మాట ఇంక రాదు. మూసేసుకోవచ్చు.

క్విజ్‌పిచ్చి_రవి
మూయకండి బాబూ, ఎత్తుకుపోయిన కథ కావాలి నాకు.

నీలం_గ్యాలరీ
నేను చెప్తా, ఇది మా ఇంటి గాయం. 1905 ఏప్రిల్ చివర్లో ఆస్టన్ విల్లా మైదానంలో సీజన్ ఆఖరి మ్యాచ్. సిటీకి ఇంకా లీగ్ గెలిచే ఆశ ఉంది. 3-2తో ఓడిపోయాం, మూడో స్థానంతో సరి. ఆ మ్యాచ్‌లో టర్న్‌బుల్‌కీ విల్లా కెప్టెన్ అలెక్ లీక్‌కీ పెద్ద గొడవ, చేతులు లేచాయి. విచారణ అంటూ వచ్చాక ఇంకో సంగతి బయటపడింది. మ్యాచ్ వదిలేయమని మెరెడిత్ తనకి 10 పౌన్లు ఇవ్వజూపాడని లీక్ చెప్పాడు. మెరెడిత్‌ని ఆటకి దూరం పెట్టారు. ఆడని రోజులకి సిటీ డబ్బు ఇవ్వనంది. అతనికి కడుపు మండి, క్లబ్బులో జరిగేదంతా బయటపెట్టేశాడు.

జరిగేది ఏంటంటే, అప్పట్లో ఆటగాడి జీతానికి వారానికి 4 పౌన్లు పైకప్పు. 1901 నుంచి రూలు. సిటీ చాటుగా అంతకంటే ఎక్కువ ఇచ్చేది. 1906లో దెబ్బ పడింది. మాలీకి జీవితకాల నిషేధం. పదిహేడు మంది ఆటగాళ్లకి 1907 జనవరి 1 దాకా సస్పెన్షన్, మళ్లీ సిటీకి ఆడకూడదని ఆజ్ఞ. జట్టంతా పోయింది. తర్వాతి సీజన్ మొదటి మ్యాచ్ ఆర్సెనల్ మీద, మండే ఎండలో, ఒక్కొక్కరూ సొమ్మసిల్లి వెళ్లిపోతే చివరికి మావాళ్లు ఆరుగురే మిగిలారు. 4-1తో ఓటమి. నవ్వకండి.

హాఫ్‌టైమ్_సమోసా
నవ్వట్లేదు. ఆరుగురితో 4 గోల్సే ఇచ్చారంటే గొప్పే.

స్కోరుబుక్కు_మాస్టారు
నీలం చెప్పింది కరెక్టే. మిగతాది ఏంటంటే, సిటీ ఆటగాళ్లని వేలం లాగా అమ్మేలోపే యునైటెడ్ మేనేజర్ ఎర్నెస్ట్ మాంగ్నాల్ నలుగురిని మాట్లాడేసుకున్నాడు. మెరెడిత్, టర్న్‌బుల్, బర్జెస్, బానిస్టర్. 1907 జనవరి 1, సస్పెన్షన్ తీరిన రోజే యునైటెడ్‌కి ఆడారు. ఎదుట ఎవరో తెలుసా? ఆస్టన్ విల్లా. 1-0. గోల్ ఎవరిది?

క్విజ్‌పిచ్చి_రవి
టర్న్‌బుల్?!

స్కోరుబుక్కు_మాస్టారు
టర్న్‌బుల్.

ఎర్రకండువా_కిషోర్
సినిమాలో పెడితే ఓవర్ అంటాం.

స్కోరుబుక్కు_మాస్టారు
ఆ తర్వాత 1907-08లో యునైటెడ్ మొదటిసారి లీగ్ గెలిచింది. టర్న్‌బుల్ 30 లీగ్ మ్యాచ్‌లలో 25 గోల్స్. ఆ సీజన్‌లోనే డిసెంబర్‌లో తన పాత జట్టు సిటీ మీద రెండు గోల్స్ కొట్టి, ఆపైన రిఫరీ చేత బయటికి పంపించుకున్నాడు. మాంచెస్టర్ డర్బీలో, అంటే ఈ రెండు జట్ల మ్యాచ్‌లో, మైదానం బయటికి వెళ్లిన మొదటి ఆటగాడు ఇతనే.

నీలం_గ్యాలరీ
చూశారా, ఎత్తుకుపోయి ఊరుకోలేదు, వచ్చి తన్నాడు కూడా.

గోల్‌పోస్ట్_సుజాత
ఒక విషయం ఎవరూ పట్టించుకోవట్లేదు. 4 పౌన్ల పైకప్పు. అందరూ "చాటుగా డబ్బు తీసుకున్నారు" అనే దగ్గరే ఆగిపోతున్నారు. గేటు దగ్గర వేలకి వేల మంది టికెట్ కొనేవాళ్లు. ఆ డబ్బు ఎక్కడికి పోయేది? ఆటగాడికి బోనస్ ఇవ్వకూడదు, క్లబ్బు మారాలంటే క్లబ్బు ఒప్పుకోవాలి, మోకాలు పోతే ఇంటికి పో. దాన్ని ప్రశ్నించడానికే మెరెడిత్, యునైటెడ్ కెప్టెన్ చార్లీ రాబర్ట్స్ కలిసి 1907 డిసెంబర్‌లో మాంచెస్టర్‌లో ఆటగాళ్ల యూనియన్ పెట్టారు. టర్న్‌బుల్ అందులో ఉన్నాడు. 1909 వేసవిలో ఫుట్‌బాల్ అసోసియేషన్ "యూనియన్‌కి రాజీనామా ఇవ్వండి, లేదంటే ఆడనివ్వం" అంది. దేశమంతా చాలామంది భయపడి సంతకం పెట్టారు. యునైటెడ్ వాళ్లు పెట్టలేదు. జీతాలు ఆగిపోయాయి. సొంతంగా సాధన చేసుకుంటూ, "వెలి జట్టు" అని బోర్డు మీద రాసుకుని ఫోటో దిగారు. ఆ ఫోటో నాకు చాలా ఇష్టం, ఒక్కడి మొహంలో కూడా భయం కనిపించదు.

సాల్‌ఫర్డ్_చలపతి
సుజాత గారూ, ఆ వేసవిదే ఇంకో కథ ఉంది, రాబర్ట్స్ తర్వాత చెప్పుకున్నది. జీతాల రోజు వచ్చింది. యునైటెడ్ ఆఫీసుకి అందరూ వెళ్లి కూర్చున్నారు. డబ్బు లేదన్నారు. కాసేపు చూసి టర్న్‌బుల్ లేచి, "ఏదో ఒకటి చెయ్యాలి కదా" అని గోడ మీద అద్దం తీసి చంకలో పెట్టుకుని బయటికి నడిచాడట. వెనకే మిగతావాళ్లు చేతికందింది తీసుకుని బయల్దేరారు. ఆఫీసు చూస్తే జప్తు వాళ్లు వచ్చి వెళ్లినట్టు ఉందని రాబర్ట్స్ మాట.

ఎర్రకండువా_కిషోర్
మా పాత కంపెనీ మూడు నెలలు జీతం ఇవ్వనప్పుడు నాకీ ఐడియా రాలేదు. అక్కడ అద్దం ఉండేది కూడా.

గోల్‌పోస్ట్_సుజాత
కాఫీ మెషిన్ ఎత్తుకు రావాల్సింది.

ఎర్రకండువా_కిషోర్
అది అద్దెది అక్కా.

పెనాల్టీ_ప్రసాద్
అందరూ ఆయన్ని హీరో చేస్తున్నారు. రికార్డు చూద్దాం. 1905లో కొట్లాట. 1906లో దొంగ డబ్బు. 1907లో డర్బీలో బయటికి. 1915లో ఫిక్సింగ్. ఒకటి అయితే పొరపాటు, నాలుగు అయితే అలవాటు.

గోల్‌పోస్ట్_సుజాత
1906ది దొంగ డబ్బు కాదు. కష్టపడినదానికి రూలు దాటి ఇచ్చిన జీతం. ఇచ్చినవాళ్లది తప్పు లేదా?

పెనాల్టీ_ప్రసాద్
మాలీకి జీవితకాలం వేశారు కదా.

స్కోరుబుక్కు_మాస్టారు
వేశారు, 1910లో ఎత్తేశారు కూడా. "జీవితకాలం" అనే మాటకి ఆ రోజుల్లో అర్థం కొంచెం తక్కువ. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

క్విజ్‌పిచ్చి_రవి
ఎఫ్‌ఏ కప్పు కూడా గెలిచాడు కదా యునైటెడ్‌కి?

స్కోరుబుక్కు_మాస్టారు
1909. అసలు దాని వెనక అదృష్టం పాలు చెప్పాలి. క్వార్టర్ ఫైనల్ బర్న్‌లీ మీద. 1-0తో వెనకబడి ఉన్నారు, ఇంకో 18 నిమిషాలే. మంచు కురిసి కురిసి రిఫరీ మ్యాచ్ ఆపేశాడు. వేళ్లు గడ్డకట్టి ఈల ఊదలేక, ఈల రాబర్ట్స్ చేతికిచ్చాడట, కెప్టెన్ ఊదాడు! మళ్లీ ఆడిస్తే యునైటెడ్ 3-2తో గెలిచింది. ఆ రిఫరీ హెర్బర్ట్ బామ్లెట్. ఏళ్ల తర్వాత ఆయనే యునైటెడ్‌కి మేనేజర్ అయ్యాడు.

నీలం_గ్యాలరీ
నేనేం అనను. నేనసలు ఏమీ అనను.

స్కోరుబుక్కు_మాస్టారు
ఫైనల్ ఏప్రిల్ 24న లండన్ క్రిస్టల్ పాలెస్‌లో, బ్రిస్టల్ సిటీ మీద. రెండు జట్లదీ ఎర్ర చొక్కానే కాబట్టి యునైటెడ్ తెల్ల చొక్కా మీద ఎర్ర గీతతో దిగింది. టర్న్‌బుల్ మోకాలు దెబ్బతిని ఉంది. ఆడించాలా వద్దా అని మాంగ్నాల్ తటపటాయిస్తుంటే కెప్టెన్ రాబర్ట్స్ పట్టుబట్టాడు. వీడు ఒక్క గోల్ కొడితే చాలు, ఆ తర్వాత కుంటుతూ ఉన్నా మనం మోసుకుపోతాం అన్నది ఆయన లెక్క. 22వ నిమిషంలో హాల్స్ కొట్టిన బంతి క్రాస్‌బార్‌కి తగిలి వెనక్కి వచ్చింది. టర్న్‌బుల్ దాన్ని లోపలికి పంపాడు. 1-0. డెబ్బై ఒక్క వేల మంది చూశారు.

అప్పుడు సబ్‌స్టిట్యూట్లు లేరు. కుంటివాణ్ని దించితే మ్యాచ్ అంతా పది మందితో ఆడినట్టే. ఆ జూదం ఆడిన రాబర్ట్స్‌ని కూడా తలచుకోవాలి.

సాల్‌ఫర్డ్_చలపతి
ఆ రాత్రి సంబరాల్లో కప్పు మూత కనిపించకుండా పోయింది. ఊరంతా వెతికితే చివరికి టర్న్‌బుల్ కోటు జేబులో దొరికిందని చెప్పుకుంటారు. ఎవరో ఆటపట్టించడానికి వేశారని ఒకరి మాట. అద్దం సంగతి విన్నాక నాకు అనుమానమే.

హాఫ్‌టైమ్_సమోసా
మనిషికి చేతివాటం ఉంది.

స్కోరుబుక్కు_మాస్టారు
ఇంకో కొసరు. యునైటెడ్ ఛైర్మన్ జాన్ హెన్రీ డేవిస్ ఆ కప్పుకి అచ్చుగుద్దినట్టు నకలు చేయించుకున్నాడు. అసోసియేషన్‌కి తెలిసి కంగారు పడి, ఆ నమూనానే పక్కనపెట్టి 1911లో కొత్త కప్పు చేయించింది, హక్కులతో సహా.

మైదానం_మహబూబ్
అయితే ఆ కొత్త కప్పు మొదట ఎవరు ఎత్తారో చెప్పనా? బ్రాడ్‌ఫర్డ్ సిటీ. కప్పు తయారైందీ బ్రాడ్‌ఫర్డ్‌లోనే. ఫైనల్లో న్యూకాజిల్ మీద ఒకటే గోల్, కెప్టెన్ జిమ్మీ స్పియర్స్. అతనూ స్కాట్లాండ్ వాడే, గ్లాస్గో. మొదటిసారి డ్రా అయి మళ్లీ ఆడారు, ఆ రీప్లేలోదే ఈ గోల్, అది ఎక్కడ జరిగిందో ఊహించండి. ఓల్డ్ ట్రాఫర్డ్! ఏడాది కిందట మన టర్న్‌బుల్ మొదటి గోల్ కొట్టిన చోటే.

క్విజ్‌పిచ్చి_రవి
వచ్చే వారం క్విజ్‌కి రెండు ప్రశ్నలు దొరికాయి. మహబూబ్ భాయ్, థాంక్స్.

ఎర్రకండువా_కిషోర్
ఓల్డ్ ట్రాఫర్డ్ మొదటి మ్యాచ్ స్కోరు కూడా వేసుకో రవీ. టర్న్‌బుల్ గోల్‌తో మొదలై, ఒక దశలో 3-1తో ముందుండి, 4-3తో ఓడిపోయాం. గృహప్రవేశం నాడే పాలు పొంగి స్టవ్ ఆరిపోయినట్టు.

సాల్‌ఫర్డ్_చలపతి
అయినా అదృష్టమే. సరిగ్గా రెండు రోజుల ముందు, పాత మైదానం బ్యాంక్ స్ట్రీట్‌లో గాలివానకి స్టాండ్ కూలిపోయింది. పక్కనే రసాయనాల ఫ్యాక్టరీ పొగ, ఆ స్టాండ్, ఆ నేల. మా ఇంటి నుంచి అటు అరగంట. ఇప్పుడు వెళ్తే అక్కడ అలాంటి మైదానం ఉండేదంటే నమ్మబుద్ధి కాదు.

స్కోరుబుక్కు_మాస్టారు
1911లో రెండో లీగ్ టైటిల్. అప్పుడు ముందు వరసలో టర్న్‌బుల్‌కి జోడీ ఎనోక్ వెస్ట్. ఇద్దరూ పోటీపడి కొట్టారు. ఆ తర్వాత యునైటెడ్ మళ్లీ లీగ్ గెలవడానికి 1952 దాకా పట్టింది. యునైటెడ్ తరఫున టర్న్‌బుల్ మొత్తం లెక్క 247 మ్యాచ్‌లు, 101 గోల్స్. స్కాట్లాండ్ దేశం జట్టుకి మాత్రం ఒక్కసారీ ఆడలేదు.

గోల్‌పోస్ట్_సుజాత
అది మాత్రం నాకు మింగుడు పడదు. ఒకే సీజన్‌లో 25 గోల్స్ కొట్టినవాడికి ఒక్క క్యాప్, అంటే దేశం తరఫున ఒక్క మ్యాచ్ కూడా లేదా?

మైదానం_మహబూబ్
ఏడాదికి మూడే మ్యాచ్‌లు కదా స్కాట్లాండ్‌కి, ఇంగ్లాండ్, వేల్స్, ఐర్లాండ్ మీద. స్థానాలు తక్కువ, పోటీ ఎక్కువ. పైగా ఇతని పేరు పక్కన సస్పెన్షన్లు. స్పియర్స్‌కి కూడా ఒక్కటే క్యాప్, 1908లో వేల్స్ మీద.

పెనాల్టీ_ప్రసాద్
సరే, ఇక 1915కి రండి. దాటేస్తున్నారు అందరూ.

స్కోరుబుక్కు_మాస్టారు
దాటేయను. 1915 ఏప్రిల్ 2, గుడ్ ఫ్రైడే. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో యునైటెడ్, లివర్‌పూల్. యుద్ధం మొదలై ఎనిమిది నెలలు. ఈ సీజన్‌తో లీగ్ ఆపేస్తారని అందరికీ తెలుసు. ఆగితే జీతం ఉండదు. యునైటెడ్ కింది డివిజన్‌కి పడిపోయే ప్రమాదంలో ఉంది. యునైటెడ్ 2-0తో గెలిచింది, రెండూ జార్జ్ ఆండర్సన్ కొట్టినవే. బుకీలు 2-0 స్కోరుకి ఒకటికి ఏడు ఇస్తున్నారు, దాని మీద లెక్కలేనంత డబ్బు పడింది. రెండో సగంలో బంతిని ఊరికే అటూ ఇటూ తిప్పారు. లివర్‌పూల్ ఆటగాడు పాగ్నం ఒక్కడు బంతిని బార్‌కి తగిలించేసరికి సొంత జట్టువాళ్లే తిట్టారు! యునైటెడ్‌కి పెనాల్టీ వస్తే ఓకొనెల్ గోల్‌కి బాగా పక్కకి తన్నాడు. బుకీలు కరపత్రం వేసి, డబ్బు చెల్లించం, ఆధారం చూపినవాళ్లకి 50 పౌన్లు ఇస్తాం అన్నారు.

పెనాల్టీ_ప్రసాద్
అందులో టర్న్‌బుల్ ఎంత దారుణంగా ఆడి ఉంటాడో.

స్కోరుబుక్కు_మాస్టారు
ప్రసాద్ గారూ, ఆయన ఆ మ్యాచ్ ఆడలేదు.

పెనాల్టీ_ప్రసాద్
?

స్కోరుబుక్కు_మాస్టారు
జట్టులో లేడు. యునైటెడ్ నుంచి నిషేధం పడిన ముగ్గురిలో, అంటే టర్న్‌బుల్, ఆర్థర్ వేలీ, వెస్ట్‌లలో, ఆ రోజు మైదానంలో ఉన్నది వెస్ట్ ఒక్కడే. లివర్‌పూల్ నుంచి నలుగురు, షెల్డన్, మిల్లర్, పర్సెల్, ఫెయిర్‌ఫౌల్. చెస్టర్ ఆటగాడు కుక్ ఒకడు. షెల్డన్ అంతకుముందు యునైటెడ్ వాడే, ఈ ముగ్గురికీ పాత స్నేహితుడు. పథకం అటునుంచి ఇటు అలా నడిచింది. టర్న్‌బుల్ తన్నిన బంతి లేదు, కలిపిన చేయి ఉంది. 1915 డిసెంబర్‌లో తీర్పు, అందరికీ జీవితకాల నిషేధం.

పెనాల్టీ_ప్రసాద్
సరే, ఆడలేదన్నది తెలీదు, ఒప్పుకుంటున్నా. కానీ ఆడకుండా పందెం కాయడం ఇంకా హీనం కదా? ఆడేవాడు కనీసం చెమటోడుస్తాడు.

హాఫ్‌టైమ్_సమోసా
ఈ లాజిక్‌కి నా దగ్గర జవాబు లేదు.

కార్నర్‌జెండా_కృష్ణ
నా అనుభవం ఒకటి చెప్తా. కాలేజీ రోజుల్లో మా జిల్లాలో ఒక టోర్నమెంట్ సెమీఫైనల్ ఆడాం. హాఫ్‌టైమ్‌లో మా సీనియర్ ఒకడు వచ్చి "మనం ఫైనల్‌కి వెళ్లట్లేదురా, సెటిల్ అయిపోయింది" అన్నాడు. తలా మూడొందలు. నేను డిఫెండర్‌ని. తీసుకోలేదు. కానీ రెండో సగంలో నిజంగానే కాలు జారి గోల్ ఇచ్చేశాను. ఇప్పటికీ ఆ ఊరి బస్టాండ్‌లో ఎవడో ఒకడు "నీ వాటా ఎంతరా" అంటాడు. తీసుకున్నవాళ్లని ఎవరూ ఏమీ అనరు, వాళ్లు బాగా ఆడారు కాబట్టి. అందుకే ఓకొనెల్ పెనాల్టీ బయటికి తన్నాడంటే నేను వెంటనే వేలు చూపించను.

మైదానం_మహబూబ్
కృష్ణా, ఓకొనెల్ మీద కేసే పెట్టలేదు. తర్వాత స్పెయిన్ వెళ్లి 1935లో బెటిస్‌ని లీగ్ గెలిపించాడు, ఆపైన బార్సిలోనాకి కోచ్ అయ్యాడు. మిల్లర్‌ని చూడు, లివర్‌పూల్ తరఫున నిషేధం పడినవాడు. నిషేధం ఎత్తేశాక స్కాట్లాండ్‌కి ఆడాడు, ఆఖరికి యునైటెడ్‌లోనే చేరాడు!

గోల్‌పోస్ట్_సుజాత
అంటే ఫిక్సింగ్ తర్వాత మిల్లర్‌కి స్కాట్లాండ్ క్యాప్ వచ్చింది, టర్న్‌బుల్‌కి ఎప్పుడూ రాలేదు. భలే న్యాయం.

నీలం_గ్యాలరీ
ఆ రెండు పాయింట్ల లెక్క కూడా చెప్పండి. యునైటెడ్ ఒకే ఒక్క పాయింట్‌తో చెల్సీ పైన నిలిచింది. గెలుపుకి రెండు పాయింట్లు. గుడ్ ఫ్రైడే మ్యాచ్ తీసేస్తే కింద పడాల్సింది వీళ్లు. ఆ ఫలితాన్ని రద్దు చేయలేదు! ఆటగాళ్లు పోయారు, క్లబ్బు మిగిలింది.

ఎర్రకండువా_కిషోర్
1919లో డివిజన్‌ని 22 జట్లకి పెంచి చెల్సీని ఉంచారు కదా, నష్టం లేదు.

నీలం_గ్యాలరీ
టాటెన్‌హామ్ వాళ్లని అడుగు నష్టం ఉందో లేదో. వాళ్లని దించి ఆర్సెనల్‌ని ఎక్కించారు. దానికి వేరే థ్రెడ్ పెట్టాలి, ఇక్కడ మొదలుపెడితే తెల్లారుతుంది.

క్విజ్‌పిచ్చి_రవి
వద్దు, వద్దు. యుద్ధం సంగతి?

స్కోరుబుక్కు_మాస్టారు
టర్న్‌బుల్ 1915 చివర్లో మిడిల్‌సెక్స్ రెజిమెంట్‌లో చేరాడు, ఫుట్‌బాల్ ఆటగాళ్ల కోసం పెట్టిన రెండో బెటాలియన్. తర్వాత ఈస్ట్ సర్రే రెజిమెంట్ 8వ బెటాలియన్‌కి మార్చారు. ఈ బెటాలియన్‌కి ఒక చరిత్ర ఉంది. 1916 జులై 1న సోమ్ యుద్ధం మొదలైన పొద్దున, కెప్టెన్ నెవిల్ తన మనుషులకి ఫుట్‌బాల్స్ ఇచ్చి, తన్నుకుంటూ శత్రువు కందకాల వైపు నడిపించింది ఈ బెటాలియన్‌లోనే. నెవిల్ ఆ రోజే పోయాడు.

టర్న్‌బుల్ 1917 మే 3న పోయాడు. ఫ్రాన్స్‌లో అర్రాస్ దగ్గర షెరిసీ అనే ఊరి మీద దాడిలో. అప్పటికి లాన్స్ సార్జెంట్. మొదట కనిపించట్లేదు అన్నారు, బందీ అయ్యాడేమో అని ఇంట్లో ఆశ. దెబ్బ తగిలినా ఆగకుండా మనుషుల్ని ముందుకు తీసుకెళ్లాడని అతని అధికారి భార్యకి రాశాడు. ఆ అధికారి తానే బందీగా ఉండి బయటికొచ్చాక రాసిన ఉత్తరం అది. శవం దొరకలేదు.

బొగ్గుబాయి_భద్రం
గనిలో పోయినా శవం దొరకని రోజులు మా దగ్గర కూడా ఉండేవి. ఇంట్లోవాళ్లకి అదే అన్నిటికంటే కష్టం. దినం ఎప్పుడు చెయ్యాలో తెలీదు.

మైదానం_మహబూబ్
స్పియర్స్ కూడా అదే ఏడాది. 1917 ఆగస్టు 20, బెల్జియంలో పాషెన్‌డేల్ యుద్ధంలో. సైన్యంలో మిలిటరీ మెడల్ వచ్చింది. 1909 కప్పు ఫైనల్ ఒకే గోల్, 1911 కప్పు ఫైనల్ ఒకే గోల్, రెండూ స్కాట్లాండ్ వాళ్లవే, ఇద్దరూ నాలుగు నెలల తేడాలో పోయారు. ఈ సంగతి ఎప్పుడు తలచుకున్నా నాకు వేరే పని చెయ్యబుద్ధి కాదు.

పెనాల్టీ_ప్రసాద్
నిషేధం సంగతి ఏమైంది చివరికి?

స్కోరుబుక్కు_మాస్టారు
1919లో ఎత్తేశారు. యుద్ధంలో సేవ చేశారని. టర్న్‌బుల్‌కి కూడా, చనిపోయిన రెండేళ్లకి. వెస్ట్ ఒక్కడికి ఎత్తలేదు. తను తప్పు చేయలేదని కోర్టుకి కూడా వెళ్లాడు, ఓడిపోయాడు. ఆ విచారణలో మెరెడిత్ చెప్పిన సాక్ష్యం చూడాలి, ఆ రోజు తనకి ఎవరూ బంతి ఇవ్వలేదట. వెస్ట్ నిషేధం తీసింది 1945లో, ఆయనకి 59 ఏళ్లప్పుడు.

గోల్‌పోస్ట్_సుజాత
59 ఏళ్లకి "ఇక ఆడుకోవచ్చు" అన్నారన్నమాట. ఒకాయనకి చచ్చాక క్షమాపణ, ఇంకొకాయనకి ముసలయ్యాక.

పెనాల్టీ_ప్రసాద్
నా అభిప్రాయం మారలేదు, పందెం తప్పే. యుద్ధంలో పోయాడు కాబట్టి మ్యాచ్ అమ్మింది ఒప్పు కాదు. కానీ "అలవాటు" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. 1906ది వేరే లెక్క.

గోల్‌పోస్ట్_సుజాత
నేను కూడా 1915ని సమర్థించలేదు ప్రసాద్ గారూ. ఇప్పటికి ఇంత చాలు ఇద్దరికీ.

హాఫ్‌టైమ్_సమోసా
ఈ ఫోరంలో ఎవరైనా మాట వెనక్కి తీసుకోవడం చూడటం నాకు ఇదే మొదటిసారి. స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

సాల్‌ఫర్డ్_చలపతి
పోయిన ఏడాది మా అమ్మాయిని ఫ్రాన్స్‌లో కాలేజీలో దింపి తిరిగొస్తూ అర్రాస్‌లో ఆగాను. అక్కడ స్మారకం గోడల మీద సమాధి లేనివాళ్ల పేర్లు, దాదాపు 35 వేలు. రెజిమెంట్ వారీగా చెక్కారు. ఈస్ట్ సర్రే వరసలో వెతుక్కుంటూ వెళ్తే టర్న్‌బుల్ దొరికాడు. ఇంటిపేరు, ఒక పొడి అక్షరం, అంతే. మా ఆవిడ "ఎవరు, మీకు తెలిసినవాళ్లా?" అంది. రవి ఆఫీసులో ఆ అమ్మాయి అడిగినట్టే. కారు దాకా నడిచేలోపు అద్దం కథ మొదలుపెట్టాను, కాలే రేవు చేరేసరికి 1909 ఫైనల్ దాకా వచ్చాం. ఓడలో ఆవిడ నిద్రపోయింది.

క్విజ్‌పిచ్చి_రవి
అందరికీ థాంక్స్. రేపు ఆ అమ్మాయికి చెప్తాను. అద్దంతో మొదలుపెట్టాలా, హెడర్‌తోనా?

బొగ్గుబాయి_భద్రం
బాయితో మొదలుపెట్టు.

నీలం_గ్యాలరీ
సిటీతో.